సాక్ష్యం చాలు, ఊహకు చోటివ్వండి

న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ డైరెక్టర్ గారికి, ధర్మకర్తల మండలి సభ్యులకు,



ఆధునిక, సమకాలీన కళ కోసం మీరు కొత్త విభాగం కట్టుకుంటున్నారు. మెక్సికో వాస్తుశిల్పి ఫ్రీడా ఎస్కొబెడో రూపకల్పన అనీ, ఖర్చు 55 కోట్ల డాలర్లనీ, 2030లో పూర్తవుతుందనీ మీరే ప్రకటించారు. ప్రదర్శనకు దొరికే చోటు ఇప్పటికన్నా దాదాపు సగం పెరుగుతుంది. ఏ గోడకు ఏ చిత్రం, దాని పక్కన ఎవరిది, కింద లేబుల్ మీద ఏ నాలుగు వాక్యాలు అన్నవి భవనం లేస్తుండగానే తేలిపోయే సంగతులు. తలుపులు తెరిచాక మార్చమని అడగడం పెళ్లయ్యాక ముహూర్తం బాగాలేదనడం లాంటిది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నల్లజాతి కళాకారుల పనినీ, ఆఫ్రికా నుంచి ప్రపంచమంతా చెదిరిన సంతతి కళాకారుల పనినీ వాళ్ల జాతి జీవితానికి దాఖలా పత్రంగా చదివే అలవాటు పెద్ద మ్యూజియాలకు ఇంకా పోలేదు. ఆ కళలోని ఊహను జ్ఞానంగా, ఆలోచనగా లెక్కలోకి తీసుకోవడం ఎలాగో మీరే ఒకసారి చేసి చూపించారు. ఆ ఒక్కసారిని మీ మామూలు పద్ధతిగా మార్చుకోమన్నదే నా మనవి.

నల్లజాతి కళ గురించి తెలుగులో ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. 2023లో మీ గదుల్లో భారతదేశపు తొలినాటి బౌద్ధ కళాప్రదర్శన జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వి తీసిన శిల్పాలు, కృష్ణాతీరపు చెక్కడాలు అందులో ఉన్నాయి. ఆ శిల్పుల పేర్లు మనకు తెలియవు. ఆ రాళ్ల ముందు నిలబడినవాళ్లెవరూ శిల్పి కులమేమిటి, ఏ బాధలు పడ్డాడు అని ముందుగా అడగరు. జనం కిక్కిరిసిన తోరణపు పలకలో చూపు ఎక్కడ ఆగుతుంది, ఎటు జారుతుంది అని చూస్తారు. ఆ మర్యాద మా పూర్వులకు తేలిగ్గానే దక్కింది. చనిపోయి రెండువేల ఏళ్లయింది కాబట్టి, ఎదురు చెప్పరు కాబట్టి. బతికున్న నల్లజాతి చిత్రకారుడికీ, నిన్నమొన్న పోయిన చిత్రకారిణికీ ఆ మర్యాద అంత సులువుగా దొరకలేదు. అందుకు మీ చరిత్రలోనే గట్టి రుజువుంది.

1969 జనవరిలో మీరు 'హార్లెమ్ ఆన్ మై మైండ్' అనే ప్రదర్శన తెరిచారు. 1900 నుంచి 1968 దాకా న్యూయార్క్ నల్లజాతి పేట హార్లెమ్ జీవితం దాని వస్తువు. గోడలంత ఫొటోలు, స్లయిడ్లు, వీధుల చప్పుళ్లు, రికార్డు చేసిన గొంతులు అన్నీ పెట్టారు. హార్లెమ్ చిత్రకారులు వేసిన ఒక్క వర్ణచిత్రం పెట్టలేదు, ఒక్క శిల్పం పెట్టలేదు. రొమేర్ బేర్డెన్, జేకబ్ లారెన్స్, నార్మన్ లూయిస్ అప్పటికి నిక్షేపంలా ఉన్నారు, పని చేస్తున్నారు. లారెన్స్ 1941లో పూర్తిచేసిన వలస చిత్రమాలికలో సగాన్ని అదే ఊళ్లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆ మరుసటి ఏడే కొనేసింది. కాబట్టి మాకు తెలియలేదనే సాకుకు చోటు లేదు. బెన్నీ ఆండ్రూస్ తదితరులు బ్లాక్ ఎమర్జెన్సీ కల్చరల్ కొయిలిషన్ పేరుతో ఒక్కటై మీ గుమ్మం ముందు పికెటింగ్ చేశారు. న్యాయంగా చెప్పుకోవాలంటే, దశాబ్దాలుగా హార్లెమ్ స్టూడియోలో ఫొటోలు తీస్తూ వచ్చిన జేమ్స్ వాన్ డర్ జీ పేరు లోకానికి తెలిసింది ఆ ప్రదర్శన వల్లే. ఆయన భాండాగారాన్ని 2021లో స్టూడియో మ్యూజియం ఇన్ హార్లెమ్‌తో కలిసి మీరు భద్రపరిచారు కూడా.

ఆ ఉదంతాన్ని అందరూ నిర్లక్ష్యం ఖాతాలో రాస్తారు. అసలు తప్పు అంతకన్నా లోతైనదని నా అభిప్రాయం. ఎవరినో మరిచిపోవడం వేరు. ఒక జనం మొత్తాన్ని చూడదగ్గ వస్తువుగా నిర్ణయించి, చూసే కన్నుగా ఒప్పుకోకపోవడం వేరు. ఫొటోను ఆ ప్రదర్శన కళగా కూడా చూడలేదు, సమాచారంగా వాడుకుంది. గొప్ప ఫొటోగ్రాఫర్ రాయ్ డికరావా దాన్ని వ్యతిరేకించడానికి ఒక కారణం ఇదే. వర్ణచిత్రంతో వచ్చే చిక్కు ఏమిటంటే అది సమాచారంగా మారడానికి మొండికేస్తుంది. నార్మన్ లూయిస్ నల్లరంగులో తేలుతున్న చిన్నచిన్న గీతల గుంపు వేస్తే, అది ఊరేగింపో, మంట చుట్టూ మూగిన మూకో, సంగీతమో చూసేవాడు తేల్చుకోవాలి. హార్లెమ్ జనాభా ఎంత, అద్దెలు ఎంత అన్న ప్రశ్నలకు అది జవాబు చెప్పదు. అందువల్లే దానికి చోటు దొరకలేదని అనుకుంటాను.

ఆ తర్వాత చాలా మారింది, కాదనను. 1972లో మీ దగ్గర చేరిన లౌరీ స్టోక్స్ సిమ్స్ మీ మొదటి నల్లజాతి క్యురేటర్ అయ్యారు. నిన్నమొన్నటి సంగతులకు వస్తే, నైరోబీలో పుట్టిన వాంగేచి ముటు చేసిన నాలుగు కంచు విగ్రహాలు 2019లో మీ ముఖద్వారపు గూళ్లలో కూర్చున్నాయి. నూరేళ్లకు పైగా ఖాళీగా ఉన్న గూళ్లవి. 2024లో మీ క్యురేటర్ డెనీస్ మరెల్ హార్లెమ్ పునరుజ్జీవన కాలపు కళ మీద పెద్ద ప్రదర్శన నడిపారు. దాని గురించి ఒక మాట చెప్పుకోవాలి. అందులోని ముఖ్యమైన చిత్రాలు ఎన్నో ఫిస్క్, హాంప్టన్, హోవర్డ్, క్లార్క్ అట్లాంటా వంటి నల్లజాతి విశ్వవిద్యాలయాల నుంచి అరువు వచ్చాయి. పెద్ద మ్యూజియాలు ఆ చిత్రాల వంక చూడని రోజుల్లో చిన్న బడ్జెట్ల కాలేజీలు వాటిని కొని, దుమ్ము దులిపి, తరగతి గదుల పక్కన కాపాడుకున్నాయి. మీ ప్రాయశ్చిత్తానికి సరుకు కూడా వాళ్లే ఇచ్చారన్నమాట.

అయితే చోటు దొరకడంతో చిక్కు తీరలేదు, రూపం మార్చుకుంది. పాత్రికేయులు షార్లెట్ బర్న్స్, జూలియా హాల్పరిన్ 31 అమెరికన్ మ్యూజియాల లెక్కలు తీస్తే, 2008 నుంచి 2020 దాకా అవి సేకరించిన పనుల్లో నల్లజాతి అమెరికన్లవి 2.2 శాతం, నల్లజాతి అమెరికన్ మహిళలవి 0.5 శాతం. ఆ కొద్దిచోటు కోసం ఎలాంటి పనిని పిలుస్తున్నారన్నది రెండో ప్రశ్న. గత పదేళ్లలో వేలం మార్కెట్ నల్లజాతి మనిషి ముఖాన్ని కనిపెట్టింది. అక్రాలో పుట్టి వియన్నాలో చదివిన అమొవాకో బోవాఫో వేలితో రంగు పూసి ముఖాలు వేస్తాడు. ఆయన చిత్రం ఒకటి 2020లో లండన్ వేలంలో 30 నుంచి 50 వేల పౌండ్లు పలుకుతుందనుకుంటే 6,75,000 పౌండ్లు పలికింది. బోవాఫో ప్రతిభావంతుడే. ఆ ధర మాత్రం ఆయన వేలిముద్రల నేర్పుకు కట్టిన వెల అని నమ్మడం కష్టం. అలాంటి ముఖాలు ఇంకా కావాలని వెంటపడిన కొనుగోలుదారులు కొన్నాళ్లకు మోజు తీరి మరో వీధికి మళ్లారు. మ్యూజియం వేలంశాల కాదని మీరంటారు. కానీ మీ కొనుగోళ్ల కమిటీల్లో కూర్చునేవాళ్లూ, ఆ వేలాల్లో చెయ్యెత్తేవాళ్లూ తరచు ఒక గూటి పక్షులే.

ముఖం మీద ఈ ఆత్రం తెల్లవాళ్ల నుంచే వచ్చిందని అనుకుంటే సగమే చెప్పినట్టు. 1968లో స్టూడియో మ్యూజియం ఇన్ హార్లెమ్ తలుపులు తెరిచినప్పుడు మొదటి ప్రదర్శన టామ్ లాయిడ్‌ది. రంగు బల్బులు వరుసక్రమంలో వెలిగి ఆరే ఎలక్ట్రానిక్ పని అది. మా బతుకులు ఇందులో ఎక్కడున్నాయని అప్పట్లో హార్లెమ్ వాళ్లే కొందరు నిలదీశారు. హొవార్డీనా పిండెల్ చిల్లులు కొట్టే మిషనుతో రాలిన వేల కాగితపు చుక్కలతో చిత్రాలు చేసేది. వాటిని నల్లజాతి సంస్థకు పట్టుకెళితే, ఇవి తెల్లవాళ్లతో కలిసి చూపించుకోవలసినవని తిప్పిపంపారని ఆమె పలుమార్లు చెప్పింది. తెల్లవాళ్ల మ్యూజియానికి నల్లజాతి బాధ కావాలి. నల్లజాతి ఉద్యమానికి నల్లజాతి గర్వం కావాలి. మధ్యలో కాగితపు చుక్క ఎవరికీ అక్కర్లేదు. 2025 నవంబరులో స్టూడియో మ్యూజియం కొత్త భవనంలోకి మారినప్పుడు మళ్లీ టామ్ లాయిడ్ ప్రదర్శనతోనే తెరిచారు. ఆ సంస్థ తన పాత తగువును తానే తిరగదోడింది, జంకకుండా. మీ నుంచి ఆశించేది అలాంటి జంకులేనితనమే.

మీరు ఒకసారి చేసి చూపించారని పైన అన్నది 2021 నవంబరులో తెరిచిన గది గురించి. పాత ఇళ్ల గదులను యథాతథంగా నిలబెట్టే సంప్రదాయం మీకు ఎప్పటినుంచో ఉంది: వెనిస్ పడకగది, పారిస్ పెద్దింటి హాలు, వర్జీనియా నాట్యశాల. వాటి వరుసలో మీరు సెనెకా విలేజ్‌ను తలుచుకుంటూ ఒక ఇంటిని నిలబెట్టారు. ఇప్పుడు సెంట్రల్ పార్క్ పడమటి అంచున 82 నుంచి 89వ వీధుల మధ్య ఉన్న ఆ ఊరు 1825లో మొదలైంది. బూట్లు పాలిష్ చేసే ఆండ్రూ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు 125 డాలర్లకు మూడు స్థలాలు కొన్నాడు. స్థలం కొనడంలో నివాసం ఒక్కటే ఉద్దేశం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో నల్లజాతి పురుషుడికి 250 డాలర్ల ఆస్తి ఉంటేనే ఓటు. తెల్లవాళ్లకు ఆ షరతు ఎత్తేసి వీళ్లకు ఉంచారు. 1855 నాటికి అక్కడ సుమారు 225 మంది, మూడు చర్చిలు, ఒక బడి. మూడింట రెండొంతులు నల్లజాతివాళ్లు, తక్కినవాళ్లలో ఎక్కువమంది ఐరిష్ వలసదార్లు. పార్కు కోసం ప్రభుత్వం ఆ నేల తీసుకుంది. 1857 కల్లా ఊరు లేదు. పత్రికలు వాళ్లను ఆక్రమణదార్లని రాశాయి. మీ మ్యూజియం 1880లో అదే పార్కు తూర్పు అంచుకు వచ్చి చేరింది.

2011లో పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే ఒక ఇంటి పునాది, ఒక టీ కెటిల్, పింగాణీ పెంకులు, చిన్న తోలు చెప్పు దొరికాయి. ఇల్లు దొరకలేదు. ఉత్తరాలు, చిత్రాలు, వాళ్లు తమను గురించి తాము రాసుకున్నవి దాదాపు ఏమీ మిగల్లేదు. ఇలాంటి చోట మామూలు మ్యూజియం రెండు పనుల్లో ఒకటి చేస్తుంది: ఆధారాలు లేవని వదిలేస్తుంది, లేదా పెంకులను గాజుపెట్టెలో పెట్టి పక్కన విషాదం రాస్తుంది. మీరు 'బ్లాక్ పాంథర్' సినిమాకు కళాదర్శకత్వం వహించిన హానా బీచ్లర్‌ను, పరిశోధకురాలు మిషెల్ కమాండర్‌ను పిలిచి, ఆ ఊరు కూలకుండా ఉంటే, ఆ కుటుంబం ఇవాళ్టిదాకా, రేపటిదాకా ఆ ఇంట్లోనే ఉంటే ఎలా ఉండేదో కట్టమన్నారు. పొయ్యి 19వ శతాబ్దిది; మధ్యలో అయిదు ముఖాల టీవీ. నైజీరియాలో పుట్టి లాస్ ఏంజెలిస్‌లో ఉంటున్న న్జిడెకా అకున్యిలి క్రాస్బీ గోడకాగితంలో సెనెకా విలేజ్ పటాన్నీ, ఆ కాలపు నల్లజాతి న్యూయార్క్ వాసుల ముఖాలనూ నేసింది. ఆఫ్రికా ఖండంలోనూ, అమెరికాలోనూ ఇవాళ పనిచేస్తున్నవాళ్ల కుండలు, కుర్చీలు, బట్టలు ఆ ఇంట్లో సామాను. ఆస్తిగా ఒక తరం నుంచి మరో తరానికి దిగవలసిన వస్తువులు దిగకుండా పోతే, అవి దిగివచ్చి ఉంటే ఎలా ఉండేవో ఆ గది అడుగుతుంది. ఓటు కోసం కొన్న స్థలాన్ని లాక్కోవడమంటే వచ్చే తరాల ఇళ్లనూ ఇంటి సామాన్నీ కూడా లాక్కోవడమని అర్థమవుతుంది. గణాంకాల పట్టిక ఈ నష్టాన్ని ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది, గట్టిదే. మ్యూజియం నిజాలకు పూచీ పడే చోటు. అక్కడ కల్పనకు తలుపు తీస్తే రేపు ఎవరి కల్పననైనా చరిత్ర అనవలసి వస్తుంది. దీనికి తేలిక జవాబు ఒకటుంది: మీ వెనిస్ గది మాత్రం నిజమా? వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన పలకలు, మంచాలు, తెరలు కలిపి కూర్చినవే మీ గదులు చాలావరకు. ఆ జవాబు నాకు చాలదు. పాత గదులూ అంతేకదా అంటే, అన్నీ అబద్ధాలే అని ఒప్పుకున్నట్టవుతుంది. సరైన జవాబు ఆ గది పద్ధతిలోనే ఉంది. అది తన ఊహను ఊహగా చెప్పుకుంటుంది. ఎక్కడ తవ్వకం ఆగిందో, ఎక్కడ కల్పన మొదలైందో దాచదు. రచయిత్రి సైదియా హార్ట్‌మన్ 2008లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఇదే చిక్కుతో పెనుగులాడింది. బానిస ఓడ మీద చనిపోయిన అమ్మాయి గురించి మిగిలిన కాగితమంతా ఆమెను చంపినవాళ్లదే అయినప్పుడు, ఆ కాగితాన్నే నమ్మి రాస్తే చంపినవాళ్ల చూపే చరిత్ర అవుతుంది. ఇష్టమొచ్చినట్టు కథ అల్లితే ఆమెకు మరో అన్యాయం. ఆధారాల అంచుదాకా వెళ్లి, అక్కడి నుంచి జరిగి ఉండగలిగినదాన్ని షరతులతో ఊహించడం ఆమె ఎంచుకున్న దారి. ఇది క్రమశిక్షణ ఉన్న పని, పురావస్తు శాఖ పనికన్నా తక్కువది కాదు.

ఆ క్రమశిక్షణ ఎంత కఠినంగా ఉండగలదో ఒక ఓడ కథ చెబుతుంది. 1781లో జోంగ్ అనే ఓడ సిబ్బంది 130 మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోశారు. 1783లో ఇంగ్లండు కోర్టుకు వచ్చినది హత్య కేసు కాదు, బీమా కేసు. మనుషులను సరుకుగా లెక్కగట్టి నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అన్న వాదన. టొబేగోలో పుట్టి టొరంటోలో ఉంటున్న ఎమ్. నోర్బేసీ ఫిలిప్ 2008లో ఆ కేసు మీద కవితా సంపుటి వేసింది. కోర్టు నివేదికలోని మాటలు తప్ప వేరే మాటలు వాడకూడదని నియమం పెట్టుకుని, ఆ మాటలనే విరగ్గొట్టి, పేజీ మీద నీళ్లలో మునిగినట్టు చెదరగొట్టింది. మరో కొసన డెట్రాయిట్ టెక్నో సంగీత జంట డ్రెక్సియా. 1997లో తమ ఆల్బం అట్ట మీద వాళ్లు ఒక పురాణం రాసుకున్నారు: ఓడల మీది నుంచి తోసేసిన గర్భిణుల పిల్లలు కడుపులోలాగే నీళ్లలో ఊపిరి తీసుకోవడం నేర్చి, సముద్రగర్భంలో ఒక నాగరికత కట్టుకున్నారని. దాన్ని ఎలెన్ గాలఘర్ 2001 నుంచి తన చిత్రమాలికలో దృశ్యంగా మలిచింది. మందపాటి కాగితాన్ని కత్తితో గీరి, తెలుపు మీద తెలుపుగా, సముద్రపు నాచుతో ముఖాలు కలిసిపోయేలా. ఒకరు ఆధారాన్ని అక్షరం దాటలేదు. మరొకరు ఆధారాన్ని పూర్తిగా వదిలేశారు. రెండింటికీ మూలం ఒకే కోర్టు తర్కం, ఒకే సముద్రం. ఇలాంటి ఊహలకు 'ఆఫ్రోఫ్యూచరిజం' అని 1990లలో విమర్శకుడు మార్క్ డెరీ పేరు పెట్టాడు. ఆ ధోరణిని కొందరు రోబోలూ వెండిదుస్తులూ అనుకుని నవ్వేస్తారు. నాకు అందులో కనబడేది వెనక్కి చూసే శ్రమ. భవిష్యత్తు దానికి పనిముట్టు.

రెండో అభ్యంతరం నల్లజాతి ఆలోచనాపరుల నుంచే వస్తుంది, దాన్ని ఇంకా గౌరవంతో వినాలి. ఊహ, రూపం అంటూ మాట్లాడితే జాతి అణిచివేత పక్కకు పోదా? 1926లోనే నల్లజాతి మేధావి డుబోయ్ కళ ప్రచారమే, అందులో తప్పేమీ లేదన్నాడు. ముఖాలు గోడ మీద లేని మ్యూజియంలో పెరిగిన పిల్లలకు మొదట ముఖం కావాలి, నైరూప్యం తర్వాత. ఈ వాదనకు జీవం పోసినవాడు కెర్రీ జేమ్స్ మార్షల్. 1955లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆయన ఐరోపా మహాచిత్రాల సైజులో, ఆ ధీమాతో నల్లజాతి మనుషులనే వేస్తాడు. ఆయన చిత్రాల్లో తెల్లముఖం దాదాపు కనబడదు. అయితే ఆయన నలుపు దగ్గర కాసేపు ఆగండి. దంతపు నలుపు, మార్స్ నలుపు, కార్బన్ నలుపు అని మూడు రకాలను నీలాలతో, ఆకుపచ్చలతో, గోధుమరంగులతో కలిపి, చీకటిలో ఇంకా చీకటి కనబడేలా చేస్తాడు. అంటే అస్తిత్వం గురించిన ఆయన వాదన మొత్తం రంగుల కిటుకులో ఉంది. ఆ కిటుకు వదిలేసి ప్రాతినిధ్యం కల్పించాడని మాత్రం రాసే లేబుల్ ఆయన చెప్పినదాన్ని కూడా వదిలేసినట్టే. కాబట్టి అస్తిత్వానికీ ఊహకూ మధ్య ఎంచుకోమని ఎవరినీ అడగనక్కర్లేదు. మా తెలుగులో ఈ తగువు పాతదే. 1990లలో దళిత, ముస్లిం, స్త్రీవాద కవిత్వం వెల్లువెత్తినప్పుడు ఇది కవిత్వమా నినాదమా అని అడిగినవాళ్లు చాలామంది. అంతకు ఎంతో ముందు 1941లో గుర్రం జాషువా కాళిదాసు మేఘుడి స్థానంలో గబ్బిలాన్ని దూతగా పంపాడు. ఆ కావ్యంలో కులం మీద ఆరోపణ ఎక్కడుంది, ఊహ ఎక్కడుందని విడదీయబోతే చేతికి ఏదీ రాదు. గుడి లోపలికి వెళ్లగలిగేది గబ్బిలమే, మనిషి కాదు అన్న ఆ ఎంపికే ఆరోపణ.

ముఖం లేకుండానే మనిషిని నిలబెట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్లకే మీరు ఎక్కువ బాకీ. అలబామాలోని బెసెమర్‌లో 1939లో పుట్టిన జాక్ విట్టెన్ అక్రిలిక్ రంగును పలకలుగా ఎండబెట్టి, చిన్న ముక్కలుగా కోసి, మొజాయిక్‌లా అతికేవాడు. జేమ్స్ బాల్డ్విన్ వంటివాళ్ల పేర అలా చేసిన చిత్రాలున్నాయి. వాటిలో ముక్కూ మొహం వెతికితే దొరకవు. 2014 నాటి మహాచిత్రం ఒకదాన్ని ఆయన మార్టినీక్ తత్వవేత్త ఎడ్వార్ గ్లిస్సాఁకు అంకితం చేశాడు. పూర్తిగా అర్థం కాకుండా ఉండే హక్కు ప్రతి జనానికీ ఉందన్నవాడు గ్లిస్సాఁ. నన్ను గౌరవించడానికి నన్ను నీ కొలతలకు కుదించి అర్థం చేసుకోనక్కర్లేదన్నది ఆ వాదన సారం. బానిస వ్యాపారం మనుషులకు చేసిన మొదటి పని వాళ్లను చిట్టాలోకి ఎక్కించడమని గుర్తుంచుకుంటే, అది ఎంత పదునైన హక్కో తెలుస్తుంది. గయానాలో పుట్టి 1953లో లండన్ చేరిన ఫ్రాంక్ బౌలింగ్ దక్షిణ అమెరికా, ఆఫ్రికా పటాల నీడలను రంగుల వరదలో ముంచాడు. నల్లజాతి చిత్రకారుడు నైరూప్యం వేస్తే జాతిని వదిలేసినట్టు ఎందుకనుకుంటారని 1969-71ల మధ్య పత్రికా వ్యాసాల్లో పోట్లాడాడు. లండన్ టేట్ ఆయనకు పూర్తిస్థాయి ప్రదర్శన పెట్టింది 2019లో, ఆయనకు ఎనభై దాటాక. శామ్ గిలియమ్ కాన్వాసును చట్రం నుంచి విప్పి బట్టలా వేలాడదీసింది 1968 ప్రాంతంలో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన రోజుల్లో. ఆ మడతల్లో ఆ రోజులున్నాయో లేవో చూసేవాడు మోసుకెళ్లవలసిన ప్రశ్న. లేబుల్ ముందే జవాబు చెప్పేస్తే ఆ ప్రశ్నకు చోటుండదు.

మూడో అభ్యంతరం ఇవాళ్టి రాజకీయానిది. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు స్మిత్సోనియన్ సంస్థలను ఉద్దేశించి జారీచేసిన ఉత్తర్వు, జాతి గురించి మాట్లాడే ప్రదర్శనలు దేశాన్ని చీలుస్తున్నాయని ఆరోపించింది. ఆ ఏడే జులైలో చిత్రకారిణి ఎమీ షెరాల్డ్ సెన్సార్‌షిప్ భయంతో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ నుంచి తన ప్రదర్శనను వెనక్కి తీసుకుంది. ఇలాంటి వేళలో లేబుళ్ల మీద జాతి తగ్గించమంటే ఆ చేతికే కత్తి అందించినట్టు కాదా? కాదనే నా వాదన, కారణం చెబుతాను. ఆ ఉత్తర్వు కోరేది గాయాన్ని తుడిచేసిన గోడ. నేను కోరేది గాయాన్ని ఆలోచించిన చేతిని కూడా చూపించే గోడ. సెనెకా విలేజ్ గదిలో 1857 నాటి కూల్చివేత దాచలేదు. పైపెచ్చు అది ముందుకన్నా పెద్దదైంది. ఇంకో మాట. కళాకారుణ్ని జాతి ప్రతినిధిగా మాత్రమే నిలబెట్టిన మ్యూజియానికి, గాలి మారినప్పుడు ఆ ప్రతినిధిని దించేయడం తేలిక. ఒక ప్రభుత్వం కోటా పెంచమంటుంది, మరోటి ఎత్తేయమంటుంది. 20వ శతాబ్దపు రంగుల చరిత్రలోనే చిత్రకారిణి ఆల్మా థామస్‌ను అల్లేస్తే, ఆమెను తీయాలంటే ఆ చరిత్రను చింపాలి. మీ భవనం నగరానిదైనా సంస్థ మీది. స్మిత్సోనియన్‌కు లేని వెసులుబాటు మీకుంది, వాడుకోండి.

చూడ్డానికి వచ్చేవాడికి నేపథ్యం చెప్పకపోతే ఎలా అర్థమవుతుందని మీ విద్యావిభాగం అడగవచ్చు. చెప్పండి, కానీ వరుస మార్చండి. శిల్పి ఎల్ అనత్సుయి పనినే తీసుకోండి. అది మీ దగ్గరే ఉంది. సారా సీసాల మూతలను నలగ్గొట్టి, రాగితీగతో కుట్టి, గోడంత తెరగా వేలాడదీశాడు. లోహం బట్టలా ఎలా వాలింది, మూత ఎలా దారమైంది అన్న దగ్గర మొదలుపెడితే, ఆ సారా అట్లాంటిక్ వ్యాపారంలో మనుషులకు మారకంగా నడిచిన సరుకని చెప్పే చోటుకు పాఠకుడు తనే వస్తాడు. దేశం, జాతి, వలసపాలన అనే మూడు మాటలతో మొదలుపెడితే తెర వంక చూడకుండానే తల ఊపి వెళ్లిపోతాడు.

ఇక అడగవలసినవి. సెనెకా విలేజ్ గదిని తాత్కాలిక ఆకర్షణగా చూసి ఎత్తేయకండి. అలాంటివి ఇంకా కట్టండి. 2024లో చిత్రాలు అరువిచ్చిన విశ్వవిద్యాలయాలకు కృతజ్ఞతల బోర్డు కాదు, చిత్రాల సంరక్షణకు డబ్బు, కొత్త విభాగంలో ఆ చిత్రాల పక్కన రాసే అధికారం ఇవ్వండి. నల్లజాతి నైరూప్య చిత్రకారులకు వేరే గది కేటాయించే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ గది ఎంత విశాలంగా ఉన్నా అది పక్కగదే. నిర్మాణం కోసం మూసేముందు మీ మేడ మీద చివరిగా నిలిచిన పని జెన్నీ సి. జోన్స్‌ది: గాలివీణ, జితార్, మిసిసిపీ పల్లెల్లో వాయించే ఒంటితీగ వాద్యం ఆకారాల్లో మూడు ఎర్రటి శిల్పాలు, గాలి వీస్తేనే పలికే తీగలు. చూసేవాళ్లలో చాలామందికి దాని వెనకున్న బ్లూస్ చరిత్ర తెలియదు; అయినా ఆగి విన్నారు, తర్వాత లేబుల్ చదివారు. ఆ వరుసే కావాలంటున్నాను.

మొదలుపెట్టడానికి కొనవలసినదేమీ లేదు. జార్జియాలో 1891లో పుట్టి, వాషింగ్టన్ బడిలో 35 ఏళ్లు బొమ్మలు నేర్పి, 1960లో పదవీ విరమణ చేశాకే తన అసలు చిత్రాలు వేసిన ఆల్మా థామస్ 'రెడ్ రోజెస్ సొనాటా' 1972 నాటిది. ఆకుపచ్చ నేల మీద ఎర్రటి పొట్టి గీతలు నిలువు వరుసల్లో కురుస్తున్నట్టుంటుంది. 1976లో ఆమే మీకు కానుకగా ఇచ్చింది. కొత్త విభాగంలో రోత్కో, పొలాక్ ఉండే గదిలోనే, ఏ నెలకో పండగకో కాకుండా ఏడాది పొడవునా, దాన్ని పెట్టండి. లేబుల్ మీద మొదటి వాక్యం ఆ ఎరుపు గురించి రాయండి.

ఇట్లు,
ఒక తెలుగు వ్యాసకర్త